అప్పగించిన అమానతు

అసర్ నమాజు ముగిసింది. మా మదరసా వరండాలో ఒక విద్యార్థి తండ్రి నా కోసం వేచి ఉన్నారు. చిత్తూరులో ఆయనకు జిరాక్సు, మొబైల్ రీచార్జి దుకాణం ఉంది. తెలంగాణ ఫోన్ ట్యాపింగు కేసు వార్తలు చదివినప్పటి నుంచి ఆయన మనసులో ఒక సందేహం. “హజ్రత్, ప్రభుత్వం అడిగితే కంపెనీలు కాదనగలవా? ఇచ్చినందుకు వాటిని తప్పుపట్టడం న్యాయమేనా?”

కాదన్న ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించారు. సుంకం ఎగవేతను అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. అయితే కలెక్టరు అనుమతించిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుకు వెళ్లి ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. ఆ వ్యక్తి హోదా ఏమిటో, ఏ కారణం చూపాలో చట్టం చెప్పలేదు. కెనరా బ్యాంకు మొదలైనవి న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. గోప్యత స్థలానికి కాదు, మనిషికి చెందిన హక్కు. నమ్మి బ్యాంకుకు అప్పగించిన పత్రాల విషయంలోనూ అది నశించదు. ఇదీ ఆ తీర్పు సారాంశం.

అమెరికా మరో దారి పట్టింది. 2001 దాడుల తరువాత వారెంటు లేకుండా సాగిన నిఘాకు టెలిఫోను కంపెనీలు సహకరించాయంటూ అక్కడి పౌరులు దావాలు వేశారు. 2008 జులైలో వచ్చిన చట్టం, జరిగిపోయిన సహకారానికి కూడా కంపెనీలకు రక్షణ కల్పించింది. దానితో ఆ దావాలు వీగిపోయాయి. పాలకుల ఆదేశం చట్టబద్ధమా కాదా అని ఆ దావాలలో తేలే అవకాశమూ మూసుకుపోయింది.

నేరస్థుని పట్టుకోవడానికి సమాచారం అవసరమే. చట్టబద్ధమైన లిఖిత ఉత్తర్వును పాటించినవానిని శిక్షించమని ఎవరూ కోరరు. ఫోన్ సంభాషణల విషయంలో 1996లోనే సుప్రీంకోర్టు హద్దులు గీసింది: హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలకే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు, సమీక్షా సంఘం దానిని పరిశీలించాలి. ఆ ఉత్తర్వు లేకుండా ఇచ్చినవానికి ముందే క్షమాపణ రాసిపెడితే, ఈ హద్దులకు కాపలా ఎవరు?

దివ్యఖుర్‌ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయతు ఇతరుల రహస్యాలు ఆరాతీయడాన్ని నిషేధించింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) గురించి పండితులు చెప్పే ఒక కథనం ఉంది. ఆయన గోడ దూకి ఒక ఇంట్లో పాపం చేస్తున్నవానిని పట్టుకున్నారు. “నాది ఒక తప్పు, మీవి మూడు: ఆరాతీశారు, ద్వారం విడిచి వచ్చారు, అనుమతి అడగలేదు” అని అతడు అన్నాడట. ఖలీఫా అతనిని వదిలి వెళ్లిపోయారు. పాలకునికీ హద్దు ఉందని ఆ పాలకుడే ఒప్పుకున్నాడు.

అంతా విని ఆ సోదరుడు లేవబోయారు. నేను ఆయనను ఒక్క మాట అడిగాను: “మీ సొరుగులో ఎంతమంది ఆడబిడ్డల ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి? ఎవరో పలుకుబడి గలవారు వచ్చి నోటిమాటగా అడిగితే ఏం చేస్తారు?”

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “కాగితం చూపమంటాను హజ్రత్” అన్నారు. మర్నాడే పాత నకళ్లన్నీ చించివేశారని వారి అబ్బాయి చెప్పాడు.