వాడని సైడింగ్‌తోనే ప్రమాదం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినపడటం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలెన్నో. తాతలు వర్క్‌షాప్‌లో రెంచీ పట్టారు. మనవలు కంప్యూటర్ పట్టారు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే విండోస్ నడుస్తుండగా లినక్స్ కూడా నేర్చుకోవాలంటే వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ లాంటివే దిక్కు. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను సృష్టించే సాఫ్ట్‌వేర్లివి.

లోపలి యంత్రం పాడైనా బయటిదానికి ఢోకా లేదన్నది అందరి నమ్మకం. అందుకే అనుమానం ఉన్న ఫైళ్లను అందులోనే తెరుస్తారు. నాన్నగారి ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు, బ్యాంకు వివరాలు ఉండేది మాత్రం బయటి యంత్రంలో. రెంటి మధ్యా ఉన్న గోడ కూడా సాఫ్ట్‌వేరేనన్న సంగతి చాలామందికి తట్టదు.

ఆ గోడకు బీటలు పడిన సందర్భాలున్నాయి. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వీఎంవేర్ పెట్టిన ఉమ్మడి ఫోల్డర్ సదుపాయంలో 2008లో ఓ లోపం బయటపడింది. పంచుకున్నది ఒక్క ఫోల్డరే అయినా, లోపలి యంత్రం నుంచి బయటి డిస్కు మొత్తాన్ని తడిమే వీలు చిక్కింది.

2015 మేలో బయటపడిన ‘వెనమ్’ కథ మరీ విచిత్రం. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డ్రైవ్‌ను అనుకరించే కోడ్ 2004లో చేరింది. దానికి కేటాయించిన చోటుకు మించి డేటా పంపితే గోడ దాటే దారి దొరుకుతుంది. ఫ్లాపీలు మ్యూజియం పాలైనా ఆ కోడ్ అలాగే ఉండిపోయింది. అదే కోడ్‌ను వాడుకున్న వర్చువల్‌బాక్స్‌కూ ముప్పు తప్పలేదు. జెన్, క్యూఈఎంయూలలోనైతే ఫ్లాపీ అక్కర్లేదని తీసేసినా మరో లోపం వల్ల ఆ కోడ్ పనిచేస్తూనే ఉండేది.

ఇవి పాత ముచ్చట్లని కొట్టిపారేయలేం. 2025 మార్చిలో వీఎంవేర్ యజమాని బ్రాడ్‌కామ్ మూడు లోపాలను సరిదిద్దింది. వాటితో అప్పటికే దాడులు జరిగినట్టు సమాచారం ఉందనీ ఒప్పుకొంది. వాటిలో రెండు వర్క్‌స్టేషన్‌లోనూ ఉన్నాయి.

అలాగని ఈ సాఫ్ట్‌వేర్లను వదులుకోనక్కర్లేదు. గోడ దాటడం ప్రతి దొంగకూ చేతనయ్యే పని కాదు. చాలా దాడులకు ముందు లోపలి యంత్రంపై పూర్తి పట్టు కావాలి. కానీ వైరస్ ఉందనుకున్న ఫైలును తెరిచేటప్పుడు ఉమ్మడి ఫోల్డర్, క్లిప్‌బోర్డ్, నెట్ కనెక్షన్ ఆపేయాలి. అక్కర్లేని పరికరాలు తీసేయాలి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోవాలి. వెనమ్‌కు చివరికి విరుగుడైంది అదే. ఫ్లాపీని తీసేసినా పోని లోపం, సరిచేసిన వెర్షన్ వేసుకుంటేనే పోయింది.

వాడకంలో లేదు కదా అని సైడింగ్ పాయింటుకు తాళం వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో ఖరగ్‌పూర్ తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనవలకు ఆ సంగతి చెప్పాల్సింది వాళ్లే.