‘వెలార్చు’లో దీపం ఆరిపోలేదు

‘గిడుగు వాడుక భాష సత్తా వెలార్చారు’ అని ఒకరు రాస్తే, అది తప్పు ప్రయోగమనీ అశుభమనీ మా శ్రీకాకుళం పండితమిత్రుడొకరు కొట్టిపారేశారు. ఆయన తర్కం ఇది: ఆర్చడమంటే ఆర్పడం, కాబట్టి వెలార్చడమంటే వెలుగును ఆర్పడం. పైగా వాడుక భాష కోసం పోరాడిన గిడుగును పొగడడానికి గ్రాంథిక క్రియ వాడటం ఆయనకే ద్రోహమట! ఈ రెండు మాటల్లో ఏదీ నిలవదు.

ఆర్చు అంటే ఆర్పు అనే అర్థం ఉంది, కాదనను. అదొక్కటే అర్థమనడమే పేచీ. నిండటం, తనివి తీరటం అనే అర్థంలోనూ తెలుగులో ‘ఆరు’ ఉంది. కడుపార తిన్నాం, నోరార పిలిచాం, కన్నులారా చూశాం అంటున్నాం కదా. మిత్రుడి తర్కమే నిజమైతే కన్నులారా చూసినవాడికి చూపు పోయి ఉండాలి! ఒప్పారు, ఇంపారు, సొంపారు, పెంపారు... వీటిలో దేని దీపం ఆరింది? వెలార్చు కూడా ఈ కోవలోదే. ప్రకాశింపజేయు, వెల్లడించు అని దాని అర్థం.

అశుభమన్న ఈ భయం ఎక్కడిదో తెలుసు. దీపం ఆరిందనకూడదని మన పెద్దవాళ్ళు ‘కొండెక్కింది’ అంటారు. ఇంట్లో ఆ మర్యాద పాటించాల్సిందే. శకునాన్ని తెచ్చి వ్యాకరణమంటేనే ఒప్పుకోలేం.

ఈ మాట మీద మోజుపడేవారికీ ఒక మాట చెప్పాలి. ‘జ్యోతి వెలార్చి సభ ప్రారంభించారు’ అని రాస్తే పొసగదు. ఒత్తికి నిప్పు తగిలించడానికి వెలిగించు ఉంది. మన పల్లెల్లో ‘ఎలిగించు’ అన్నా అదే. వెలార్చేది కీర్తిని, ప్రేమను, చిరునవ్వును, ప్రతిభను. అంటే ఉన్నదాన్ని లోకానికి కనబడేట్టు చేయడం. అరసవల్లి సూర్యదేవుడి గుడిలో అర్చకుడు దీపం వెలిగిస్తాడు. ఆ దీపం వెలుగుతుంది. మార్చిలో, అక్టోబరులో ఆదిత్యుడి పాదాల మీద పడే సూర్యకిరణం మూర్తి శోభను వెలారుస్తుంది. మూడు పనులు, మూడు క్రియలు.

ఇక గిడుగుకు ద్రోహమన్న మాట. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి పాత శాసనాలు చదివారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. బడిపిల్లల చేత బలవంతాన గ్రాంథికం రాయించడం మీద ఆయన పోరాటం. 1914లో విజయనగరం గురజాడ రాసిన అసమ్మతి పత్రానిదీ అదే దారి. పాత మాటలను పాతిపెట్టమని గిడుగు అనలేదు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో పండితుల గ్రాంథికంలోని తప్పులే ఏరి చూపించారు. పాత కావ్యాలు క్షుణ్ణంగా ఎరగనివాడు చేయగలిగే పని కాదది. ఊహతో కాక ప్రయోగంతో వాదించడం గిడుగు పద్ధతి.

ఆ పద్ధతిలోనే మిత్రుణ్ణి అడుగుతున్నాను. వెలార్చు అంటే ఆర్పడమని తేలే ప్రయోగం ఒక్కటి, ఏ కవిదైనా సరే, చూపించండి. చూపలేకపోతే, రాసినవారి వాక్యం మీద గీసిన ఎర్రగీత మీరే చెరిపేయాలి.