పక్కన కూర్చుని పాడినట్టు

నరసరావుపేటలోనో గురజాలలోనో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగిన పెద్దవాళ్లకు గొంతంటే ఒక లెక్క ఉంది. హార్మోనియం శ్రుతి అందుకుని ఎత్తిన పద్యం చిట్టచివరి వరసలో నిలబడ్డవాడికీ అందాలి. రాగం సాగిన కొద్దీ వన్స్‌మోర్లు. అలాంటి గొంతుతో రాజ్యం అడగొచ్చు, శపథం చేయొచ్చు. పక్కనున్న మనిషికి ఇష్టం చెప్పుకోవడమే కష్టం.

ఆ చిన్నమాటకు చోటిచ్చింది మైకు. 1925 తర్వాత రికార్డింగు గదుల్లోకి విద్యుత్ మైకు వచ్చాక గొంతు పెంచకుండా పాడటం కుదిరింది. ఊపిరి కూడా పాటలో వినిపించసాగింది. తెలుగులో ఆ వీలును ఎంతో అందంగా వాడుకున్న గాయని రావు బాలసరస్వతీదేవి. 2025 అక్టోబరులో కన్నుమూసిన ఆమె చిన్నతనం గుంటూరులోనే గడిచింది. అప్పటికి మన పల్నాడూ గుంటూరు జిల్లాలోదే. 1943లో ‘భాగ్యలక్ష్మి’కి పాడి తెలుగు సినిమాకు తొలి నేపథ్యగాయని అయ్యారు. ఆ పేరు కింద ఆమె లలితగీతాలు మరుగున పడటం మాకు బాధ. సాలూరి రాజేశ్వరరావు, ఆమె జంటగా ఇచ్చిన ప్రైవేటు రికార్డులు ఒక్కసారి వినండి. పల్లవిని ఒత్తరు, గమకాన్ని చూపించుకోరు. మాట చివర స్వరం కాస్త జారవిడిచి, మిగతాది మనకే వదిలేస్తారు. రికార్డుకు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అందులోనే అలక, బతిమాలుకోవడం, కలయిక!

సినిమా ప్రేమపాటకు హీరో మొహం, హీరోయిన్ మొహం అతుక్కుని వస్తాయి. ఈ పాటలకు ఆ మొహాల్లేవు. అందుకే వినేవాళ్లు తమకు కావలసిన మనిషిని అందులో చూసుకుంటారు. ప్రేమగీతాల ఆల్బమ్‌కున్న బలమంతా ఇదేనని మా నమ్మకం. అమెరికాలో నల్లజాతివారి సోల్ సంగీతమూ ఈ బలంతోనే ప్రపంచాన్ని గెలిచింది. చర్చిలో దేవుణ్ని పిలిచిన గొంతుతోనే గాయకుడు శామ్ కుక్ 1957లో ప్రేయసిని పిలిచాడు. భక్తులు కొందరు నొచ్చుకున్నారు. మువ్వగోపాలుణ్ని నాయకుడిగా నిలబెట్టి క్షేత్రయ్య రాసిన పదాలు పాడుకున్న జాతికి అందులో వింత తోచదు. 1953 నాటి ‘దేవదాసు’లో బాలసరస్వతి క్షేత్రయ్య పదం కూడా పాడారు.

ప్రేమ మాట ఎత్తకుండా, పల్నాడంటే పౌరుషం అనేస్తారు. కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే అయిదు రోజుల వీరారాధన చూస్తే ఔననే అనిపిస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... రోజురోజుకీ పల్నాటి వీరుల కథ రణానికి దగ్గరవుతుంది. అయినా ఆ కథలోనే, కయ్యానికి కదిలే ముందు బాలచంద్రుడు భార్య మాంచాల గడప తొక్కుతాడు. ఇన్నాళ్లూ పట్టించుకోని మగడు ఇప్పుడు వచ్చాడు. ఉంచుకోవాలని ఆమెకు ఉండదా? అయినా యుద్ధానికి సాగనంపింది. ఇంతటి ప్రేమఘట్టమున్న నేలను కత్తులతోనే గుర్తుంచుకోవడం అన్యాయం.

ఇప్పుడు మాచర్లలో ఓ చిన్న గదిలో పరుపులు గోడలకు ఆనించి, మంచి మైకొకటి పెట్టుకుంటే పాట రికార్డవుతుంది. పాడే పిల్లలు మన కాలేజీల్లో ఉన్నారు. పోటీల్లో వాళ్లు పైస్థాయి అందుకుంటేనే చప్పట్లు కొడుతున్నాం. నెమ్మదిగా పాడితే ఫోన్లు చూసుకుంటున్నాం. కళాశాలల వార్షికోత్సవాల్లో సినిమా పాటలతో పాటు, విద్యార్థులే రాసి స్వరపరచిన ఒక్క ప్రేమగీతానికైనా చోటివ్వమని అధ్యాపకులను కోరుతున్నాం. అలాంటివి ఎనిమిది పోగైతే పల్నాటి యాసలో ఒక ఆల్బమ్ అవుతుంది. బాకాలు, డప్పులు అక్కర్లేదు. వీణో, వేణువో ఒకటి తోడుంటే చాలు.