పలకరింపు కూడా స్కిల్లే!

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు, మా గుణదలకు దగ్గర్లోని సింగ్‌నగర్‌లో మేడల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లతో ఆహారం, నీళ్లు, మందులు అందించారు. టెక్నాలజీ గొప్పదే. కానీ ఏ ఇంట్లో పసిపాప ఉంది, ఏ మామ్మగారికి రోజూ ఇన్సులిన్ కావాలి అన్నది డ్రోన్‌కి ఎవరు చెప్పాలి? రోజూ మెట్ల దగ్గర ‘బాగున్నారా మామ్మగారూ’ అని పలకరించేవాళ్లే చెప్పగలరు. ఆ పలకరింపు వరద వచ్చాక నేర్చుకునేది కాదు.

ఉద్యోగంలోనూ అంతే. జూనియర్ డౌట్ అడిగితే ఒక్కసారి విసుక్కుని చూడండి, మళ్లీ అడగరు. తెలియక చేసిన తప్పు అలాగే కస్టమర్ దాకా వెళ్తుంది. ఓపిగ్గా జవాబిస్తే అయ్యే ఖర్చు అయిదు నిమిషాలే.

హెచ్‌ఆర్ రౌండ్‌లో ‘టీమ్‌వర్క్‌కి ఒక ఉదాహరణ చెప్పండి’ అంటారు. బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే తేలిపోతుంది. రోజూ చేసే పనైతే తడుముకోనక్కర్లేదు.

అందుకే ఫ్రెండ్స్, ఈసారి ఇంటర్వ్యూ నుంచి రాగానే మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు రాసి క్లాస్ గ్రూపులో పెట్టండి. పోటీ పెరుగుతుందని భయమా? రేపు మీకు ఎదురయ్యే ప్రశ్న ఈరోజు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు.