సర్దుకొమ్మనడం కాదు, అండగా ఉండండి

గౌరవనీయులైన కళాశాల విద్యా కమిషనర్ గారికి,
విద్యా భవన్, నాంపల్లి, హైదరాబాద్.

విషయం: డిగ్రీ కళాశాలల్లోని ఎల్‌జీబీటీ విద్యార్థులకు రక్షణ, కౌన్సెలింగ్, ధ్రువపత్రాల విషయంలో సాయం కోరుతూ వినతి.

ఆర్యా,

మేము అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల కాలేజీల్లో చదువుకుంటున్నాం. మాలో గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ విద్యార్థులున్నారు. మాకు తోడుగా నిలిచిన స్నేహితులూ ఉన్నారు.

మాలో ఒకరు రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. చదువుకోవడానికి కాదు, హాస్టల్లో మిగతావాళ్ళు లేవకముందే స్నానం ముగించుకోవడానికి. బాత్రూం గడియ సరిగా పడదు. నిండు బకెట్ తలుపుకు అడ్డంపెట్టి, చన్నీళ్ళు పోసుకుని గదికి చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంటుంది. ఒక్కరోజు ఆలస్యమైతే ‘ఆడంగి’ అంటూ నలుగురు తలుపు బాదారు. వార్డెన్‌కు చెప్పుకుంటే, ‘నువ్వే కాస్త సర్దుకో’ అన్నారు.

తోటి విద్యార్థిని లైంగికత, జెండర్ పేరుతో వేధిస్తే అది ర్యాగింగేనని యూజీసీ తన ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలకు 2016లో చేసిన సవరణలోనే చెప్పింది. కాలేజీలో ఏటా అతికించే ర్యాగింగ్ వ్యతిరేక పోస్టర్‌లో ఈ ఒక్క వాక్యం తెలుగులో, ఉర్దూలో చేర్పించండి. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో ఆ అధ్యాపకుల పేరు, ఫోన్ నంబరు కింద రాయించండి.

ఇంతకన్నా మమ్మల్ని భయపెట్టేది ఇంటికి వెళ్ళే ఫోన్. నమ్మి మనసు విప్పిన అమ్మాయి గురించి ఆ సాయంత్రమే తల్లిదండ్రులకు చెప్పేశారు ఒక లెక్చరర్. ఆమె మేలు కోరే చెప్పి ఉంటారు. వారం తిరిగేసరికి ఇంట్లోవాళ్ళు చదువు మాన్పించి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. విద్యార్థి అనుమతి లేకుండా వారి లైంగికత, జెండర్ సంగతి ఎవరికీ, చివరికి ఇంట్లోవాళ్ళకైనా, చెప్పకూడదని స్పష్టమైన సర్క్యులర్ ఇవ్వాలని చేతులు జోడించి అడుగుతున్నాం. ప్రతి కాలేజీకి వారంలో ఒక్కరోజైనా శిక్షణ పొందిన కౌన్సెలర్ రావాలి. లైంగికతను, జెండర్‌ను ‘మార్చేస్తాం’ అనే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది కాబట్టి అటువంటివారిని కాలేజీ గుమ్మం తొక్కనివ్వకండి. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 ప్రతి నోటీసు బోర్డు మీదా కనిపించాలి.

ట్రాన్స్ విద్యార్థులకు కాగితాల బాధ వేరే ఉంది. కొత్త పేరుతో గుర్తింపు పత్రం వచ్చినా టెన్త్ మెమో ఒక చోట, ఇంటర్ మెమో మరో చోట మార్పించుకోవాలి. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో మార్చివ్వాలని 2020 నాటి ట్రాన్స్‌జెండర్ నిబంధనల్లో ఉంది. పదో తరగతి పరీక్షల విభాగం చాపెల్ రోడ్డులో, ఇంటర్ బోర్డు తమ విద్యా భవన్‌లోనే ఉన్నాయి. నడిచివెళ్ళే దూరంలో ఉన్న ఈ కార్యాలయాలతో తమరు ఒక్కసారి కూర్చుని మాట్లాడి, రెండు మెమోలకూ కలిపి ఒకే దరఖాస్తు ఏర్పాటు చేయించండి.

ఇలాంటి అండ మన ఊరికి కొత్త సంగతి కాదు. షామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2022లో ఎల్‌జీబీటీ విద్యార్థులకు హాస్టల్లో ఒక అంతస్తు కేటాయించింది. అంత చేయలేని ప్రభుత్వ హాస్టల్లో గడియ పడే ఒక బాత్రూమైనా ఇవ్వవచ్చు. అదే ఏడాది ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు. చదువు మధ్యలో ఆగకపోతే మాలోంచీ అలాంటివారు వస్తారు.

నగరంలో హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించమన్న 1329 ఫస్లీ నాటి నిజాం చట్టాన్ని మన హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు విద్యలో రిజర్వేషన్ ఇవ్వాలనీ చెప్పింది. ఆ తీర్పును కాలేజీ ప్రవేశాల్లో అమలు చేయించేందుకు ప్రభుత్వానికి సిఫారసు చేయండి.

ఈ పత్రం కింద మా పేర్లు రాయలేదు. రాస్తే ఏ దారినైనా ఇంటికి చేరతాయని భయం. సంతకాలు లేవని పక్కన పెట్టవద్దు. తమరు పిలిస్తే, తలుపు వేసి మాట్లాడే వీలుంటే, మేమే వచ్చి కలుస్తాం.

ఇట్లు,
అబిడ్స్, నాంపల్లి ప్రాంత కళాశాలల ఎల్‌జీబీటీ విద్యార్థులు, వారి స్నేహితులు