కొట్టు అద్దెదే... మరి బోర్డు ఎవరిది?

కిందటేడు దసరాకి వారం ముందు సంగతి. పొద్దున్నే ఇడ్లీ పళ్ళాలు పొయ్యి మీద పెడుతుంటే ఆత్రేయపురం నుంచి మా చిన్నాడపడుచు ఫోను. "వదినా, నా కొట్టు పోయింది!" అంటూ ఒకటే ఏడుపు. నా గుండె ఝల్లుమంది. పూతరేకులు తీసే పాక అంటుకుందేమో అనుకున్నాను. ఎండు కొబ్బరాకులు మంటేసి పనిచేసే చోటు కదా! తీరా అడిగితే పాక నిక్షేపంలా ఉంది. కుండలున్నాయి, నెయ్యి డబ్బాలున్నాయి, పనిచేసే నలుగురు ఆడవాళ్ళూ ఉన్నారు. పోయింది తన వెబ్‌సైటు.

"ఓస్, అంతేనా!" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జరిగిందేమిటంటే, నాలుగేళ్ళ కిందట తెలిసినవాళ్ళ కుర్రాడొకడు 12,000 రూపాయలు తీసుకుని తనకి సైటు చేసిపెట్టాడు. ముచ్చటగా ఉండేది. హైదరాబాదు, బెంగుళూరు వాళ్ళు అందులో చూసి ఆర్డర్లు ఇచ్చేవారు. ఆ చిరునామానే అట్టపెట్టెల మీద కూడా అచ్చు వేయించింది. ఆ తర్వాత కుర్రాడికి ఉద్యోగం వచ్చింది, ఊరు మారాడు, ఫోను నంబరూ మారింది. సైటు పేరుకి, అంటే డొమైన్‌కి, గడువు ఉంటుంది. అది ముగిసేలోగా డబ్బు కట్టి పొడిగించుకోవాలి. గడువు దగ్గరపడిందని హెచ్చరికలు వచ్చాయట. తనకి కాదు. కుర్రాడు కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన ఈమెయిలుకి. ఎందుకంటే ఆ పేరు కొన్నది అతని పేరున, ఆ ఈమెయిలుతోనే!

గడువు దాటాక కొద్ది వారాలు ఆగుతారు. అప్పటికీ కట్టకపోతే పెద్ద దండుగ వేస్తారు. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరో కొనేసుకున్నారు. ఇప్పుడు ఆ చిరునామా తెరిస్తే పూతరేకులకి బదులు పేకాట ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఇంట్లోనేమో అదే చిరునామాతో అచ్చయిన 2,000 అట్టపెట్టెలు!

ఆ కుర్రాడు మోసగాడేమీ కాదు. ఎలాగో నంబరు సంపాదించి ఫోను చేస్తే పాపం తెల్లబోయాడు. "నాకు తట్టలేదక్కా" అన్నాడు. తనకీ తట్టలేదు. "అవన్నీ ఆ అబ్బాయే చూసుకుంటాడులే" అనుకుంది. మన ఆడవాళ్ళం ఎన్నిసార్లు, ఎంతమంది అబ్బాయిల గురించి ఈ మాట అనుకున్నామో లెక్కలేదు.

విచిత్రం చూడండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకి అంత విలువ ఉందని ఊరంతటికీ తెలుసు. ఆ ఊళ్ళోనే ఉండి మా ఆడపడుచు తన కొట్టు పేరుని చేజేతులా కాదు, చేతికి రాకుండానే పోగొట్టుకుంది.

ఆ దెబ్బతో నేను కళ్ళు తెరిచాను. నాక్కూడా అప్పుడే ఓ సైటు పెట్టుకోవాలని సరదా పుట్టింది. పదిహేనేళ్ళుగా రాసిన కథలు పత్రికల కత్తిరింపులుగా ట్రంకుపెట్టెలో మగ్గుతున్నాయి. వాటినో చోట పెడదామని ఆశ. ఇద్దరం కలిసి రెండు నెలలు ఇదే పని మీద కూర్చున్నాం. తెలిసినవాళ్ళని ఏది మంచిదని అడిగితే ఒకరు విక్స్ అన్నారు, ఒకరు వర్డ్‌ప్రెస్ అన్నారు, ఇంకొకరు షాపిఫై అన్నారు. ఏది అందంగా ఉంటుంది, ఏది చవక అనేవాళ్ళే గానీ, "రేపు మీరు అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలంటే ఏం చేతికిస్తారు?" అని అడగమన్న వాళ్ళు ఒక్కరూ లేరు. నా మట్టుకు నాకు మొదట అడగాల్సింది అదే అనిపిస్తుంది.

వెబ్‌సైటంటే మూడు విషయాలు. ఒకటి పేరు. అది బోర్డు. రెండోది సైటు ఉండే చోటు. అది కొట్టు. మూడోది అందులో పెట్టే ఫొటోలు, ధరలు, కథలు. అది సరుకు. విక్స్, స్క్వేర్‌స్పేస్, షాపిఫై లాంటివాళ్ళు కొట్టు కట్టి, అలమారలు సర్ది మనకి అద్దెకిస్తారు. ప్రోగ్రాములు రాయడం రాకపోయినా బొమ్మ ఇక్కడ, మాట అక్కడ అని వేలితో లాగి పెట్టుకుంటే చాలు. మంచి సదుపాయమే, కాదనను. కొట్టు అద్దెదైనా ఫరవాలేదు. బోర్డు మాత్రం మన పేరున ఉండాలి, సరుకు మనం ఎత్తుకెళ్ళగలిగేలా ఉండాలి.

అలా చూస్తే ఒక్కొక్కదాని గుణం తెలిసింది. విక్స్ 2006 నుంచీ ఉంది. కొత్తవాళ్ళకి చాలా తేలిక. ఉచితంగానూ ఇస్తారు, కాకపోతే చిరునామాలో వాళ్ళ పేరు, సైటు నెత్తిన వాళ్ళ ప్రకటన ఉంటాయి. సరుకుల జాబితా దింపుకోవచ్చు గానీ అందులో కట్టిన సైటుని ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళి వేరేచోట పెట్టడం కుదరదు. స్క్వేర్‌స్పేస్ సైట్లు చూడముచ్చటగా ఉంటాయి. ఫొటోగ్రాఫర్లకి, డిజైనర్లకి బాగా నప్పుతుంది. అక్కణ్ణుంచి కొంత తెచ్చుకోవచ్చు, అంతా కాదు. కెనడా వాళ్ళ షాపిఫై అచ్చంగా అమ్మకాల కోసమే. సరుకు లెక్క, చిరునామాలు, డబ్బు వసూలు అన్నీ అదే చూసుకుంటుంది. అమ్మినా అమ్మకపోయినా నెలనెలా అద్దె మాత్రం కట్టాల్సిందే.

వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది. ప్రపంచంలో పదింట నాలుగు సైట్లు దానిమీదే నడుస్తున్నాయంటారు. ఇందులో రెండు రకాలున్నాయని తెలియక మేం వారం రోజులు తికమకపడ్డాం. డాట్ ఆర్గ్ అన్నచోట దొరికేది ఉచిత సాఫ్ట్‌వేర్. చోటు మనం అద్దెకి తీసుకుని, అందులో పెట్టుకుని, మరమ్మతులు మనమే చూసుకోవాలి. డాట్ కామ్ అన్నది ఒక కంపెనీ. చోటూ వాళ్ళదే, మరమ్మతూ వాళ్ళదే. రెండింట్లోనూ మన రాతల్ని మొత్తంగా దింపుకుని ఇంకోచోటికి పోవచ్చు. ఇక గూగుల్ వాళ్ళ బ్లాగర్ పాతది, హంగులు తక్కువ, డబ్బు అడగదు. అక్కణ్ణుంచీ దింపుకోవచ్చు.

"ఇంత గొడవెందుకు, ఇన్‌స్టాగ్రామ్ ఉందిగా!" అంది మా పక్కింటావిడ. ఉంచుకోండి, వద్దనడం లేదు. గిరాకీ వచ్చేది అక్కణ్ణుంచే. కానీ అది సంతలో పరిచిన పట్టా లాంటిది. సంతవాళ్ళు లేవమంటే లేవాలి. ఒకప్పుడు జియోసిటీస్ అని ఉండేది. లక్షలమంది అందులో ఉచితంగా సొంత పేజీలు కట్టుకున్నారు. యాహూ వాళ్ళు 2009 అక్టోబరులో దాన్ని మూసేశారు. అంతదాకా ఎందుకు, మ్యాప్‌లో కొట్టు పేరు చేర్చినవాళ్ళకి గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లు 2024 మార్చిలో ఆగిపోయాయి. ఎంత పెద్ద కంపెనీ అయినా కావచ్చు, వాళ్ళ అవసరం తీరితే తలుపు వేసుకుంటారు. అప్పుడు మన బోర్డు మన చేతిలో ఉంటే ఇంకో కొట్టు ముందు తగిలించుకోవచ్చు. పాత గిరాకీ దారి తప్పదు.

మా ఆడపడుచు ఏం చేసిందో చెబుతాను. రోజుకి పది, పదిహేను ఆర్డర్లు. పూతరేకులంటే ముట్టుకుంటే విరిగే సరుకు. ఏ రోజుకి కావాలి, ఏ ఊరు, చక్కెరవా, బెల్లంవా అని మాట్లాడుకున్నాకే పంపాలి. ఆ మాటలకి వాట్సాప్ చాలు. అందుకని షాపిఫై అద్దె ఇప్పట్నుంచీ ఎందుకన్నాను. వర్డ్‌ప్రెస్‌లో నాలుగు పేజీలు పెట్టుకుంది. ధరల పట్టిక, పాక ఫొటోలు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే గుర్తు. డబ్బు యూపీఐలో వచ్చేస్తుంది. సైట్లోనే కార్డుతో కట్టించుకుంటే మధ్యవాళ్ళు నూటికి సుమారు రెండు రూపాయలు తీసుకుంటారు. ఆర్డర్లు నోటుబుక్కుకి అందనంత పెరిగిన రోజున పెద్ద కొట్టుకి మారుతుంది. బోర్డు తనదేగా!

నా సమస్య వేరు. నా పాత కథలు కొన్ని డీటీపీ చేయించినవి, అనూ ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెచ్చి సైట్లో అతికిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. యూనికోడ్‌లోకి మార్చుకుంటే తప్ప తెలుగు కాదు. కత్తిరింపుల్ని ఫొటోలు తీసి పెడదామా అంటే, అందులోని మాటలతో వెతికేవాళ్ళకి ఆ కథ దొరకడం కష్టం. కనుక రోజుకో రెండు పేజీలు టైపు చేస్తున్నాను. ఇంకోటి, ఈ సైట్లలో అందమైన నమూనాలన్నీ ఇంగ్లీషు అక్షరాలకి తీర్చినవి. కట్టుకునే ముందే "సామర్థ్యం", "స్త్రీత్వం" లాంటి ఒత్తుల మాటలు నాలుగు రాసి ఫోనులో చూసుకోండి. వరస మరీ దగ్గరై ఒత్తులు తెగిపోతే ఆ నమూనా మనకి పనికిరాదు. మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. మీరు ఎంచుకునే చోట వాటిని వాడనిస్తారో లేదో అడగండి.

డబ్బు సంగతి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి. అది ఆషాఢం తగ్గింపు బోర్డు లాంటిది. రెండో ఏడాది ఎంత కట్టాలో అడగండి. దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా కలుపుకోండి. "డొమైన్ ఉచితం" అంటే ఎన్నాళ్ళు, ఎవరి పేరున అని నిలదీయండి. కార్డు నుంచి డబ్బు దానంతటదే పోయేలా పెట్టుకుంటే, రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 24 గంటల ముందే కబురు రావాలి. 15,000 దాటితే ఓటీపీ కూడా అడుగుతారు. కార్డు మార్చుకుని ఆ సంగతి అక్కడ చెప్పకపోతే డబ్బు పోదు, పేరు పోతుంది!

ఇక మా ఇంటి రామాయణం. నా సైటు పేరు కొనే రోజున మావారు పక్కన కూర్చుని, "నా కార్డుతోనే కదా కట్టేది. నా ఈమెయిలే ఇచ్చెయ్. నీకు మెయిలు చూసుకునే అలవాటే లేదాయె" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశమేమీ లేదు. పైపెచ్చు నిజం కూడా. ఒక్క క్షణం సరేనందామనుకున్నాను. మా ఇంట్లో గ్యాసు ఆయన పేర, కరెంటు బిల్లు మావగారి పేర, నా ఫోను సిమ్ము కూడా ఆయన పేరే! కథలు మాత్రం నా పేరున అచ్చయ్యాయి. వాటిమీదుండే బోర్డు కూడా ఇంకొకరి పేరున ఎందుకుండాలి?

"అలవాటు లేకపోతే చేసుకుంటాను" అన్నాను. ఆయన కాసేపు ముభావంగా ఉన్నారు. పదో తరగతి చదివే మా అమ్మాయి దగ్గర కూర్చుని కొత్త ఈమెయిలు తెరిచాను. ముందు సిమ్ము నా పేరుకి మార్పించుకుని ఆ నంబరే ఇచ్చాను. నా బ్యాంకు కార్డుతో మూడేళ్ళకి ఒకేసారి కట్టాను. ఎక్కడ కొన్నదీ, ఎప్పటికి ముగిసేదీ ఓ కాగితం మీద రాసి పాస్‌బుక్కుతోపాటు బీరువాలో పెట్టాను. రోజూ టీ తాగేటప్పుడు మెయిలు చూడటం ఇప్పుడు అలవాటైపోయింది. నెలన్నర కిందట మావారే, "ఇదుగో, మా ఆఫీసువాళ్ళావిడ బొటిక్ పెడుతోందిట, నీ సలహా కావాలిట" అని ఫోను నా చేతికిచ్చారు.

సైటు కట్టిపెట్టే కుర్రాళ్ళని పెట్టుకోవద్దని నేననను. వాళ్ళ పనికి డబ్బివ్వండి, బేరం కూడా ఆడకండి. కానీ డబ్బు ఇచ్చేముందే పేరు మీ ఈమెయిలుతో మీరే కొనండి, ఆ తర్వాతే అతన్ని పిలవండి. ఇప్పటికే ఎవరైనా చేసిపెట్టి ఉంటే, పేరు ఎవరి ఖాతాలో ఉందో ఈ ఆదివారం మధ్యాహ్నమే కనుక్కోండి. బదిలీ కోడ్ అడిగి తీసుకుంటే మీ ఖాతాలోకి మార్చుకోవచ్చు. అతను ఫోను ఎత్తుతున్న రోజుల్లోనే ఆ పని కానివ్వండి.

మా ఆడపడుచుకి పాత పేరు డాట్ కామ్‌తో తిరిగి రాలేదు. డాట్ ఇన్‌తో దొరికింది. ఈసారి తన పేరునే తీసుకుంది. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పనివాళ్ళతోపాటు తనూ కూర్చుని ఆ 2,000 పెట్టెల మీద పాత చిరునామా కనపడకుండా చిన్న చిన్న కాగితాలు అంటిస్తోంది. నేనూ ఓ వంద అంటించి వచ్చాను. మధ్యమధ్యలో ఎవరో పాత గిరాకీ ఫోను చేసి, "ఏంటండీ, మీ సైటు తెరిస్తే పేకాట వస్తోంది, కొట్టెత్తేశారా?" అని అడుగుతూనే ఉన్నారు. ఫోను చేసేవాళ్ళకి చెప్పుకోవచ్చు. చెయ్యకుండా ఊరుకున్నవాళ్ళు ఎంతమందో ఎవరికి తెలుసు!