కుండీలు తీయమనే ముందు కింది పళ్లెం చూడండి



నిన్న గ్రూపులో పెట్టిన తీర్మానం చదివాను. వసారాల్లో, మిద్దెల మీద ఉన్న కుండీలన్నీ నెలాఖరులోగా తీసేయాలట. తులసికోటకు మాత్రం మినహాయింపట. కారణాలు మూడు చెప్పారు: దోమలు, నీళ్ల వృథా, మిద్దెకు చెమ్మ. నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు దోమల సంగతి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పెరిగేది నిలిచిన నీళ్లలో, మట్టిలో కాదు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి తప్పు పుదీనాది కాదు, కుండీ కింద పెట్టిన పళ్లేనిది. వారానికోసారి దాన్ని వంచి, అంచులకు అంటిన గుడ్లు పోయేలా రుద్ది కడిగితే ఆ బెడద ఉండదు. మరి మూతల్లేని సంపుల గురించి, మూలన పడేసిన టైర్ల గురించి తీర్మానంలో ఒక్క మాటైనా ఉందా? తులసికి మినహాయింపు ఇచ్చారు, సంతోషం. కానీ దోమకు భక్తి తెలియదు. నీళ్లు నిలిస్తే తులసైనా, కొత్తిమీరైనా దానికి ఒకటే.

ఇక నీళ్లు. మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు చూసినవాళ్లం. బెంగళూరు వాడి వదిలేసిన నీళ్లనే శుద్ధి చేసి 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంతో మన జిల్లా చెరువులకు పంపుతున్నారు. అలాంటి చోట నీళ్ల విలువ నాకూ తెలుసు. మా ఇంటి పది కుండీలకు బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లే పోస్తాం. ఎండాకాలంలో మాత్రం రెండు చెంబులు ఎక్కువ. పైపు పెట్టి కారు కడిగేవాళ్లు మాకు పొదుపు నేర్పడమేమిటి?

అయితే ఒక తప్పు మనవాళ్లూ చేస్తున్నారు. ఆర్.ఓ. యంత్రం వదిలే నీళ్లు రోజూ కుండీలకు పోయకండి. మన బోరు నీళ్లలోని ఉప్పు, ఫ్లోరైడ్ అందులో ఇంకా చిక్కబడి ఉంటాయి, మట్టి చెడుతుంది. వాటిని మరుగుదొడ్డికి వాడండి.

చెమ్మ భయం న్యాయమైనదే. కుండీని నేరుగా మిద్దె మీద పెట్టకుండా ఇటుకల మీద, గోడ వారగా పెట్టాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమంగా కలిపితే బరువూ తగ్గుతుంది.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. పల్లెలో మామిడితోట అమ్ముకుని కొడుకు దగ్గరికి వచ్చింది. ధనియాలు నలిపి, రాత్రంతా నానబెట్టి, పాత పెయింటు డబ్బాల్లో చల్లుతుంది. నెల, నలభై రోజులకు కోసి, మస్సొప్పులోకంటూ పక్కింటికీ ఇస్తుంది. ఆమెకు మిగిలిన సేద్యం ఆ నాలుగు డబ్బాలే. అవి కూడా తీసేయమని చెప్పడానికి ఆమె గుమ్మం ఎక్కేదెవరో ముందు తేల్చండి.

ఆదివారం మీటింగులో నా సవరణ ఇది:

1. కుండీలు ఉండొచ్చు, పళ్లెంలో నీళ్లు నిలవకూడదు.
2. కుండీలన్నీ ఇటుకల మీదే ఉండాలి.
3. వారానికోసారి సంపులు, ట్యాంకుల మూతలు కూడా తనిఖీ చేయాలి. మొదటి తనిఖీ మన కమిటీ సభ్యుల ఇళ్లలోనే జరగాలి.

ఒప్పుకునేవాళ్లు గ్రూపులో వేలెత్తి ఊరుకోకండి. మీటింగుకు వచ్చి చెయ్యెత్తండి.